డాక్టరమ్మను పోనియ్యం

పోయిన వారం మనం డాక్టర్ వనజను జీపులోనూ, జీపును మట్టిదారిలోనూ, మట్టిదారిని రోహిణి ఎండలోనూ వదిలేసి ఎవరి వంటింట్లోకి వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

ఉన్న ఎమ్మెల్యేగారు పార్లమెంటుకు ఎదిగిపోవడంతో ఈ ఉప ఎన్నిక వచ్చిపడింది. దమ్మపేట వైపు మలుపులో చిన్న దవాఖానా నడుపుకునే వనజ ఏ పార్టీనీ అడక్కుండా, ఏ పార్టీ తనను అడక్కుండా, స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేసింది. ఎదురుగా ఉన్నది వెంకటేశ్వరరావు. రెండుసార్లు ఎమ్మెల్యేగా చేసినవాడు, మూడోసారి ఓడినవాడు, నాలుగోసారికి కొత్త తెల్లచొక్కాలు కుట్టించుకున్నవాడు. నామినేషన్ వెనక్కి తీసుకోవాలనుకునేవాళ్లకు ఇవాళ మధ్యాహ్నం మూడింటిదాకా గడువు. వనజకు ఆ ఉద్దేశం లేదు. కానీ ఏ ఊరు వెళ్లినా జనం ఆవిడకు మంచినీళ్లిస్తున్నారు, మంచమేస్తున్నారు, పిల్లల్ని ఒళ్లో పడుకోబెడుతున్నారు. ఓటు అనగానే మాత్రం తల దించుకుని కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తున్నారు.

అది ఎందుకో ఆవిడకు ఇవాళే తెలిసింది, బూరుగుగుంపు అనే కోయగూడెం దగ్గర.

ఎర్రవాగు ఇవతలి గట్టు మీద, దారికి అడ్డంగా అడ్డతీగ నారతో పేనిన తాడు కట్టి ఉంది. తాడు వెంట ఊళ్లోని ఆడవాళ్లందరూ నిలబడ్డారు. కొప్పుల్లో పూలు, పక్కన బిందెల్లో బురదనీళ్లు, నోట కోయ పాట. విత్తనం నేలలో పడకముందు చేసుకునే భూమి పండగ అది. మగవాళ్లు వేటకని అడవిలోకి పోతారు. ఆడవాళ్లు దారి కాస్తారు. తాడు దగ్గర ఆగిన మనిషి కట్టెలు మోసుకొచ్చేవాడైనా, కలెక్టరైనా, వాళ్లడిగింది ఇచ్చి కదలాల్సిందే. అడిగేవాళ్లు నవ్వుతూ అడగాలి, ఇచ్చేవాళ్లు కోప్పడకూడదు. వేటకెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాడికి బురదస్నానం. అప్పుడు కూడా కోప్పడకూడదు. చట్టసభలేవీ చెయ్యకపోయినా ఈ చట్టం బాగానే అమలవుతోంది.

జీపు నడుపుతున్న స్తెఫను బ్రేకు వేశాడు. దవాఖానాలో కాంపౌండరుగా ఉండి, నామినేషన్ రోజు నుంచి ప్రచార సారథిగా మారినవాడు. జీపు మీది మైకు వాళ్ల చర్చిది. అలవాటు కొద్దీ "ప్రియమైన సహోదరీ సహోదరులారా" అని మొదలుపెట్టి, తాడు చూసి ఆపేశాడు.

"మేడమ్, పండగ పైసలు నేనిస్త. మీరు దిగకుండ్రి, ఎండ మస్తుగున్నది."

కానీ తాడు మధ్యలో నిలబడ్డ జంపక్క పైసలు చూసి తల అడ్డంగా ఊపింది. ఆ ఊళ్లో పండగ ఎప్పుడు చెయ్యాలో పురుషులు నిర్ణయిస్తారు. వాళ్లేమని నిర్ణయించాలో జంపక్క చెబుతుంది.

"పైసలొద్దు పిలగా. డాక్టరమ్మను దిగుమను."

వనజ దిగింది. "ఏంది జంపక్కా, పైసలొద్దంటే ఏం గావాలె? మోకాలు నొప్పి మందా?"

"మోకాలు మంచిగనే ఉన్నది. నువ్వు మాకు గావాలె."

"నేను ఇక్కడ్నే ఉన్న కదా!"

"ఇప్పుడున్నవ్. గెలిస్తే పోతవ్." జంపక్క తాడు బిగించి పట్టుకుంది. "హైదరాబాద్ పోయినంక మా మొఖం ఎవరు జూస్తరు? పోటీల నుంచి ఎనుకకు తప్పుకో. ఈ తాడుకాడ మేం అడిగేది గదే."

వనజకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. తిట్టిన వాళ్లకు జవాబు చెప్పొచ్చు, రాళ్లేసిన వాళ్లకు దండం పెట్టొచ్చు. "నువ్వంటే మాకు ప్రాణం, అందుకే నీకు ఓటెయ్యం" అనేవాళ్లను ఏం చెయ్యాలి? వైద్య కళాశాలలో ఈ జబ్బు గురించి ఎవరూ చెప్పలేదు.

"గీ మాట మీకు ఎవరు జెప్పిండ్రు?"

"ఎంకటేశ్వర్రావు సారే జెప్పిండు," అంది చంకలో పిల్లనెత్తుకున్న ముత్యాలు. "ఏ ఊరొచ్చినా నిన్ను పొగుడుడే. 'గింత మంచి డాక్టర్ మళ్ల దొరుకుతదా? అసోంటి మనిషిని అసెంబ్లీకి పంపి మన కాళ్లు మనమే ఇరగ్గొట్టుకుంటమా?' అని కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నడు. అవ్, నిజంగనే ఏడ్సిండు."

స్తెఫను మైకు చేత్తో మూసి, "ఆయన మనల్ని తిడతడేమోనని నేను రోజూ ప్రార్థన చేసిన మేడమ్. పొగుడుతడని అనుకోలే," అన్నాడు నీరసంగా.

సరిగ్గా అప్పుడు వెనక దుమ్ము లేచింది. ఏసీ కారు వచ్చి జీపు పక్కన ఆగింది. ముందు వెంకటేశ్వరరావు అనుచరుడు వీరబాబు దిగి, సెల్‌ఫోన్ ఎత్తి లైవ్ మొదలుపెట్టాడు. "చూడండి ఫ్రెండ్స్, డాక్టరమ్మ కోసం అడవితల్లుల ఆరాటం!" తరువాత తెల్లచొక్కా దిగింది. ఆ తరువాత చొక్కాలోని వెంకటేశ్వరరావు దిగాడు.

తాడు ఆయన్నీ ఆపింది. ఆయనకు అభ్యంతరం లేదు. ఇక్కడిదాకా రావాలనే వచ్చాడు.

"చెల్లే వనజా," అన్నాడు గొంతు తడి చేసుకుని, "నేను నీ ప్రత్యర్థిగ మాట్లాడ్తలేను. అన్నగ మాట్లాడ్తున్న. ఇంత ప్రేమ ఎవరికి దొరుకుతది? నాకు దొరికిందా? లేదు. నువ్వు డాక్టర్‌వి. నీ చేతిల స్టెతస్కోపే అందం. రాజకీయం బురద. మాలాంటోళ్లం ఎట్లనో పడ్తం అందుల."

"మరి ఇప్పుడు నన్ను ఏం జెయ్యమంటవన్నా?"

"తల్లులు అడిగింది ఇయ్యి. భద్రాచలం నేను తీసుకపోత, నా కారుల. ఎండ తగలకుండ. మూడింటిలోపట ఆఫీసుల దింపుత. వీరబాబూ, ఏసీ పెంచు."

ఇంత మర్యాదగా ఎవరినైనా ఎన్నికల్లోంచి సాగనంపడం ఆ ప్రాంతంలో అదే మొదలు. ఆడవాళ్లు మెచ్చుకోలుగా చూశారు. ముత్యాలు ముక్కు చీదింది. వనజ కాసేపు ఆయన్ను చూసింది, తరువాత తాడును చూసింది. జీపులో చెయ్యి పెట్టి తన పాత ప్లాస్టిక్ స్టూలు బయటికి లాగింది. ఊళ్లలో రోగుల్ని చూసేటప్పుడు కూర్చునే స్టూలది. తాడుకు ఇవతల వేసుకుని కూర్చుంది.

"సరే. తప్పుకునుడా, ఉండుడా, అది తరువాత జెప్త. ముందుగాల నొప్పెక్కడో సూడాలె. ఒక్కొక్కరే రాండ్రి. స్తెఫనూ!"

స్తెఫను ఎన్నికల సంగతి మరిచిపోయి, ఒళ్లు తెలియని ఉత్సాహంతో, "నెక్స్ట్!" అని మైకులో అరిచాడు.

ముందు ముత్యాలు వచ్చింది.

"నేను పోతే నీకొచ్చే కష్టమేంది?"

"మళ్ల కాన్పు వస్తే ఎవరు జూస్తరు డాక్టరమ్మా?"

"పోయిన వానకాలం నీ కాన్పు ఎవరు జూసిండ్రు?"

"నువ్వే!"

"నేను నీ దగ్గర ఉన్ననా?"

ముత్యాలు పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఎర్రవాగు పొంగింది. బూరుగుగుంపు అటు, దారి ఇటు. డాక్టరమ్మ ఇటు గట్టు మీద తడుస్తూ నిలబడి "తల కనబడ్తున్నదా? లాగకు! ఆగమను! ఇప్పుడు ముక్కమను!" అని అరిచింది. అటు గట్టు మీద నులక మంచం దగ్గర జంపక్క విన్నది విన్నట్టు చేసింది. అలా అరుపుల మీద పుట్టిన ఆ పిల్ల ఈనాటికీ మెల్లగా పిలిస్తే పట్టించుకోదు. గట్టిగా కేకేస్తేనే తల తిప్పుతుంది.

"నువ్వు వాగవతలున్నవ్," అని ఒప్పుకుంది ముత్యాలు.

"అంటే నేను ఊరు ఇడిసిపోలే. హైదరాబాద్ పోలే. గీడనే ఉన్న. అయినా నీకాడికి రాలేదు. నీ బిడ్డ అదృష్టం, జంపక్క చెవులు మంచియి. సరే, నెక్స్ట్."

ఎవరూ కదల్లేదు. అప్పుడు తాడు కొస దగ్గర, ఇంతసేపూ పాటలోనూ కలవకుండా మాటలోనూ కలవకుండా నిలబడ్డ పూలి ముందుకు వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి.

పూలి కూతురిది కూడా అదే వానకాలం, అదే వాగు. పిల్లాడు బతికాడు. తల్లికి నెత్తురు ఆగలేదు.

వనజ స్టూలు మీంచి లేచింది. అరిచి చెప్పే అలవాటున్న గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది.

"పూలక్కా, ఆ దినం నా చేతిల సూది ఉన్నది. నెత్తురు ఆపే సూది. గట్టు మీద నిలవడ్డ. నువ్వు అటు నుంచి నన్ను జూస్తున్నవ్. సూది ఇసిరేస్తే అందదు, నేను దుంకితే మిగల. చదివిన చదువంత నా చేతిల పట్టుకొని ఊరికే నిలవడ్డ. ఎందుకు పోటీ చేస్తున్నవని అందరు అడిగిండ్రు. పేపరోళ్లు అడిగిండ్రు. గీ స్తెఫను రోజుకోపారి అడుగుతడు. ఎవ్వరికి చెప్పలే. నీకే ముందుగాల చెప్పాలెనని ఆగిన. నేను నామినేషన్ ఏసింది పోయినేడే, ఆ గట్టు మీద. కాగితం మొన్న ఇచ్చిన, గంతే."

పూలి తాడుకు ఆనుకుని ముందుకు వంగింది. తాడు మీంచి చెయ్యి చాపి వనజ మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

వెంకటేశ్వరరావు దగ్గాడు. విషయం వాగు వైపు మళ్లడం ఆయనకు నచ్చలేదు. ఎందుకంటే ఆ తాడు ఒక కొస మద్దిచెట్టుకు కట్టి ఉంటే, రెండో కొస కట్టింది ఎర్రవాగు వంతెన శంకుస్థాపన ఫలకానికే. ఆయన పేరు మీద ముడి పడింది గనుక అక్షరాలు కనబడటం లేదు గాని, కొబ్బరికాయ కొట్టింది ఆయనేనని అందరికీ గుర్తుంది.

"బాధాకరం, చాలా బాధాకరం," అన్నాడాయన. "అందుకే అంటున్న. గిట్లాంటి డాక్టర్ను పోగొట్టుకోవద్దని. ఎమ్మెల్యే అయితే మనిషి చేతికి దొరకదు తల్లీ. హైదరాబాద్‌లనే ఉండాలె. ఏడాదంత అసెంబ్లీ, మీటింగులు, కమిటీలు."

"ఏడాదంత అసెంబ్లీ ఉంటదా అన్నా?" వనజ మళ్లీ స్టూలు మీద కూర్చుంది. రోగిని నాలుక చాపమనేటప్పుడు ఉండే అమాయకత్వం ముఖంలో ఉంది.

"ఏడాదంత అంటే… అప్పుడప్పుడు."

"అప్పుడప్పుడంటే? ఆరు నెలలా?"

"అంత ఉండదులే."

"మూడు నెలలా?"

"ఆడికి కూడా… బడ్జెట్టప్పుడు కొన్ని దినాలు, వానకాలం కొన్ని, చలికాలం పెడితే పెడతరు, లేకుంటే లేదు. అంత కలిపినా ఒక నెల అయితదో కాదో." అసెంబ్లీ గురించి తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదన్న గర్వం కొద్దీ ఆయన నిజం చెప్పేశాడు.

"నెల. మరి మిగిలిన పదకొండు నెలలు నువ్వు యాడున్నవన్నా?"

"హైదరాబాద్‌ల—" అని ఆయన అన్నాడు. అనేశాక ఆగాడు.

ఆ మాట తాడు వెంట ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ప్రయాణం చేసింది. చివరిదాకా వెళ్లి తిరిగి జంపక్క దగ్గరికి వచ్చేసరికి జంపక్క ముఖం మారిపోయింది.

"ఓహో! గెలిస్తే ఎల్లిపోతరని గట్ల తెలిసిందా నీకు!" అంది. "డాక్టరమ్మ ఏం జేస్తదో జెప్పినవనుకున్న. నువ్వు జేసిందే జెప్పినవా కొడుకా!"

నవ్వు అంటుకుంది. ముందు ముత్యాలు, తరువాత ముసలివాళ్లు, చివరికి ఏసీ కారు డ్రైవరు. వీరబాబు లైవ్ ఆపాలని వేలు పెట్టాడు. కంగారులో వేలు తప్పి, అడవితల్లుల మీదున్న కెమెరా వాళ్ల సారు ముఖం మీదికి తిరిగింది. ఆ ఎత్తు మీద సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది. దమ్మపేట నుంచి కొత్తగూడెం దాకా టీకొట్ల దగ్గర జనం ఆ ముఖాన్ని తీరిగ్గా చూశారు.

"నేను వంతెన తెస్తనని ఒట్టు పెట్టను," అంది వనజ నవ్వులు తగ్గాక. "కొట్లాడతనని పెడత. సర్కారు దవాఖానాల డాక్టర్ కుర్చీ ఏండ్ల సంది ఖాళీగున్నది. అందుల మనిషిని కూసోవెట్టేదాంక నిద్రపోనియ్య. నేను ఒక్కదాన్ని పోతేనే మీరు దిక్కులేనోళ్లయితరంటే, అది నా గొప్పతనం కాదు జంపక్కా. రోగం. దానికి మందు నా బ్యాగుల లేదు. ఆడనే ఉన్నది, అసెంబ్లీల."

అంతలో చెట్ల వెనక డప్పు వినిపించింది. మగవాళ్లు వేట నుంచి వస్తున్నారు. ముందు ఊరి పెద్ద పగిడయ్య, విల్లు భుజాన, చేతులు వట్టివి. ఇప్పుడు వేట పేరుకే. కుందేలు కనబడినా అటవీశాఖ వాళ్లు గుర్తొచ్చి దానికే దండం పెట్టి వస్తారు. అయినా ఆడవాళ్లు చట్టం సడలించరు. బిందెలు లేచాయి.

"ఆగుండ్రి!" అంది జంపక్క. "పగిడయ్య పొద్దుగాల పోయిండు, ఇప్పుడొచ్చిండు. ఒక పూట. ఈ సారు రెండుపార్లు పోయిండు, పదేండ్లు ఉండొచ్చిండు. ఏం దెచ్చిండు?"

"ఏం దేలే!" అన్నారు ఆడవాళ్లు.

"వట్టి చేతులతోని వస్తే పండగ రోజు ఏం జేస్తం?"

పగిడయ్యకు ప్రాణం లేచొచ్చింది. తన వంతు బురద ఇంకొకరికి పోతుందంటే ఏ మగవాడైనా న్యాయం వైపే నిలబడతాడు. "ఆచారం ఆచారమే సారూ! కోపానికి రావద్దు!" అని గట్టిగా అరిచాడు.

మొదటి బిందె ముత్యాలుది. తెల్లచొక్కా కుట్టినందుకు ఒక్కసారైనా ఉపయోగపడింది. బురద అంత స్పష్టంగా ఇంకే రంగు మీదా కనబడదు. వెంకటేశ్వరరావు రాజకీయ నాయకుడు గనుక నవ్వాడు. కళ్లల్లోకి బురద పోయింది గనుక ఏడ్చాడు కూడా. ఈసారి ఆ ఏడుపు అచ్చమైనదే. రెండో బిందె పడేసరికి ఏసీ కారు తలుపు మూసుకుంది. కారు వెనక్కి వెనక్కి పోయి, మలుపు దగ్గర తిరిగి, పిల్లల కేకల మధ్య మాయమైంది.

పూలి వనజ మణికట్టు వదిలింది. వెళ్లి ఫలకం దగ్గర ముడి తానే విప్పింది. తాడు నేల మీద పడింది.

"పో బిడ్డా," అంది జంపక్క. "మా గుంపు ఓట్లు నీకే. చుట్టుపక్కల గుంపులకు నేను జెప్త. కానీ ఒక మాట. వచ్చే పండగకు నువ్వు కూడా ఈ దారినే రావాలె. వట్టి చేతులతోని వస్తే నీకు కూడా బిందె కుమ్మరిస్తం. డాక్టరమ్మవని సూడం."

"నాకు రెండు బిందెలు," అంది వనజ. ఆ మాటకు డప్పు మళ్లీ మొదలైంది. ఎవరో ఆవిడ కొప్పులో పువ్వు గుచ్చారు. ఎవరో స్తెఫను చేతిలోంచి మైకు లాక్కుని కోయ పాట ఎత్తుకున్నారు. ప్రియమైన సహోదరీ సహోదరులకు అలవాటుపడ్డ ఆ మైకు పాటను అడవంతా మోసింది. పది రోజులుగా తలలు దించుకున్న జనం ఒక్కసారిగా తలలెత్తి చూస్తుంటే వనజకు ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ ఎదురొచ్చిన ప్రతి పిల్ల కనురెప్పా కిందికి లాగి రక్తం ఉందో లేదో చూసుకుంటూ నడిచింది. జీపు ఎక్కేసరికి వాచీలో ముల్లు మూడు దాటింది. నామినేషన్ ఇక ఎవరు అడిగినా వెనక్కి రాదు.

"గెలిచినం మేడమ్!" అన్నాడు స్తెఫను గేరు మార్చి.

"ఇంకా ఓట్లు పడలే స్తెఫనూ."

"నేను ఓట్ల గురించి మాట్లాడ్తలేను మేడమ్."

జీపు ఎర్రవాగులోకి దిగింది. ఎండాకాలం గనుక వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. సగం దూరం పోయాక స్తెఫను మళ్లీ బ్రేకు వేశాడు.

ఇసుక మధ్యలో ఒక ముసలామె ఒంటరిగా నిలబడి ఉంది. కొప్పులో పువ్వు లేదు. పక్కన పాడేవాళ్లు లేరు. చెప్పులు లేని కాళ్లు ఆ వేడి ఇసుకలో ఎంతసేపటి నుంచి ఉన్నాయో.

"అమ్మా?" వనజ జీపులోంచి దూకింది. "నువ్వు గీడికెట్ల వచ్చినవ్? ఎండల గిట్ల నిలవడ్తరా?"

"మూడయిందా?" అని అడిగింది వనజ తల్లి.

"అయింది."

"అయితే నేను ఆలస్యంగ వచ్చిన." ముసలామె అక్కడే ఇసుకలో కూలబడింది. "మూడు గాకముందు చెప్పాలెనని నడిచిన. కాళ్లు సాగలే."

వనజ నాడి పట్టుకుంది. తల్లి ఆ చెయ్యి విదిలించుకుంది.

"మీ నాయన జరమొచ్చి చచ్చిండని నీకు జెప్పిన."

అవును, చెప్పింది. వనజ పలకా బలపం పట్టకముందు నుంచీ చెప్పింది. జ్వరానికి మందిచ్చే మనిషి లేక నాన్న పోయాడన్న ఆ ఒక్క మాటే ఆశ్రమ పాఠశాల నుంచి వైద్య కళాశాల దాకా వనజను నడిపించింది.

"జరం లేదు, ఏం లేదు," అంది తల్లి. "సర్పంచుగ నిలవడ్డడు. వద్దంటే ఇనలే. గెలిచిన నాడు ఇట్లనే పువ్వు పెట్టుకొని ఈ వాగులోకెల్లే నడుసుకుంట వచ్చిండు. ఎవరో కాపు కాసిండ్రు." ఆమె చెయ్యెత్తి, వనజ కొప్పులోని పువ్వును తీసేసింది. "అవతలి గట్టు ఎక్కలే."